రెజీనా సీపీయూ మూత తీసిన రోజు

చోడవరం నుంచి గోవాడ వెళ్లే రోడ్డులో ఇళ్లు పలచబడి చెరకు తోటలు మొదలయ్యే చోట రెజీనా ఇల్లు ఉంది. ముందు గదిలో కిటికీ పక్కన ఒక టేబులు, దాని మీద మానిటరు, కింద గోడకు చేరేసిన సీపీయూ, దాని పక్కన యూపీఎస్. పెళ్లి కార్డులు, చర్చి కూటాల కరపత్రాలు, చుట్టుపక్కల ప్రైవేటు స్కూళ్ల పరీక్ష పేపర్లు అన్నీ ఆ టేబులు దగ్గరే తయారవుతాయి. రెజీనా చేసిన టైపింగులో అచ్చుతప్పు దొరకదని పేరు. భర్త సత్యరాజు లారీ డ్రైవరు. విశాఖ నుంచి ఒడిశా వైపు లోడు వేసుకుని వెళ్తే వారానికో, పది రోజులకో ఇంటికి వస్తాడు. ఇద్దరు ఆడపిల్లలు. తల్లి జ్ఞానకుమారి కూడా కూతురి దగ్గరే ఉంటుంది.

అంత పనిమంతురాలికి కరెంటంటే ప్రాణభయం. పొద్దున్న కంప్యూటరు ఆన్ చేయాలంటే కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండాలి, చేతులు పొడిగా ఉండాలి. తడి జుట్టుతో ఆ గదిలోకి కూడా వెళ్లదు. ప్లగ్గు పెట్టడం, తీయడం పెద్దమ్మాయి పని, లేదా ఇంట్లో ఉంటే సత్యరాజు పని. ఉరుము వినిపిస్తే చేస్తున్న పని అలాగే వదిలేసి వరండాలోకి వచ్చి నిలబడుతుంది. పిల్లలు నవ్వితే నవ్వనీ అంటుంది.

ఆ భయం పుట్టుకతో వచ్చింది కాదు. తమ్ముడు ఆస్టిన్ వల్ల వచ్చింది.

వాళ్ల నాన్న చెరకు ఫ్యాక్టరీలో సీజను పని చేసేవాడు. ఆయన పోయాక జ్ఞానకుమారి కుట్టుమిషను తొక్కి ఇద్దరినీ పెంచింది. రెజీనా చోడవరంలో టైపు నేర్చుకుంది. ఆస్టిన్ విశాఖపట్నంలో హార్డ్‌వేరు కోర్సు చేసి వచ్చి చోడవరం బస్ కాంప్లెక్స్ దగ్గర చిన్న రిపేరు షాపు పెట్టాడు. ఆ షాపులో అతను మొట్టమొదట సొంతంగా బిగించిన కంప్యూటరే రెజీనా టేబులు కింద ఉన్నది. "అక్కా, ఇది నీకు. నువ్వు ఒకరి దగ్గర పనికెళ్లక్కర్లేదు" అని ఆటోలో వేసుకుని తెచ్చి పెట్టాడు.

ఆ తర్వాత ఒక ఎండాకాలం మధ్యాహ్నం రెజీనా తమ్ముడికి క్యారేజీ పట్టుకుని షాపుకు వెళ్లింది. కరెంటు పోయి ఉంది. ఆస్టిన్ స్టూలు మీద కూర్చుని ఒక కస్టమరు సీపీయూ లోంచి ఎస్‌ఎంపీఎస్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బయటి కరెంటును కంప్యూటరుకు పంచే ఇనప డబ్బా అది. దాన్ని విప్పకూడదని కోర్సులోనే చెప్పారు. అయినా అతను దాని మూత విప్పి లోపల వేలు పెట్టి చూస్తున్నాడు. దాని వైరు ఇంకా గోడ బోర్డులోనే ఉంది. "కరెంటు లేదు గదే" అన్నాడు అక్క అడిగితే.

రెజీనా క్యారేజీ గిన్నెలు విప్పుతోంది. తలపైన ఫ్యాను ఒక్క కుదుపుతో తిరగడం మొదలుపెట్టింది. అదే క్షణంలో తమ్ముడి అరుపు. అరుపు కూడా కాదు, గొంతులో ఏదో నలిగిన చప్పుడు. స్టూలుతో సహా వెనక్కి పడ్డాడు. తల గోడకు తగిలింది. కుడిచేతి వేళ్ల దగ్గర చర్మం కాలిన వాసన ఆ గదంతా నిండింది. అతని కళ్లు తెరిచే ఉన్నాయి గాని అక్కను చూడడం లేదు.

ప్రాణం దక్కింది. కుడిచేతి మూడు వేళ్లు మాత్రం లోపలికి ముడుచుకుపోయాయి, పట్టు పోయింది. షాపు మూసేశాడు. ఇప్పుడు చోడవరంలోనే ఒక మందుల షాపులో పని చేస్తున్నాడు. ఆ రోజు నుంచి అతను స్క్రూడ్రైవరు ముట్టలేదు. రెజీనాకు ఆ వాసన ముక్కులోంచి పోలేదు.

తర్వాత రెజీనా కంప్యూటరుకు ఏం వచ్చినా గౌరీశంకర్ అనే మెకానిక్ చూసేవాడు. అతను వచ్చి మూత తీస్తుంటే ఆమె వంటింట్లోకి వెళ్లిపోయేది. ఒకసారి పనికిరాని పాత కార్డులు రెండు లోపలి నుంచి తీసేశాడు, ఇంకోసారి దుమ్ము దులిపాడు. మూత బిగించాక "అయిపోయిందమ్మా" అని అతను కేకేస్తేనే ఆమె బయటకు వచ్చేది.

అలా ఉండగా డిసెంబరు వచ్చింది. చుట్టుపక్కల తోటల్లో చెరకు నరుకుళ్లు మొదలయ్యాయి. రెజీనా చేతిలో నాలుగు స్కూళ్ల అర్ధ సంవత్సర పరీక్ష పేపర్లు ఉన్నాయి. ఒక రోజు లెక్కల పేపరు కొడుతుంటే కంప్యూటరు దానంతట అదే ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే కాసేపు పనిచేసి మళ్లీ ఆగింది. మూడోసారి కింద నుంచి సన్నగా వాసన వచ్చింది. వెంట్రుకలు కాలినట్టు, ఎక్కడో రబ్బరు వేడెక్కినట్టు.

రెజీనా కుర్చీ తోసేసి వీధిలోకి పరిగెత్తింది.

జ్ఞానకుమారి బయటకు వచ్చి చూసేసరికి కూతురు గేటు పట్టుకుని వణుకుతోంది.

"ఏటైందే?"

"కాలిన వాసన, అమ్మా. తమ్ముడి షాపులో వచ్చిందే, ఆ వాసన."

గౌరీశంకర్‌కు ఫోన్ చేస్తే అతను అయ్యప్ప మాల వేసుకుని శబరిమల వెళ్లాడని వాళ్లావిడ చెప్పింది. అనకాపల్లి షాపుకు చేస్తే తెచ్చి ఇక్కడ వదిలేయండి, వారం పడుతుందన్నారు. అక్కడే చిక్కు. ఆ కంప్యూటరులో నాలుగు స్కూళ్ల ప్రశ్నపత్రాలున్నాయి. ముక్కూ మొహం తెలియని షాపులో దాన్ని వదిలేస్తే ఒక్క పేపరు బయటికి పొక్కినా ఆమె మాట ఇక ఎవరూ నమ్మరు. పిల్లల పరీక్షలు పాడవుతాయి.

చివరికి తమ్ముడికి చేసింది. ఆస్టిన్ అంతా విన్నాడు.

"నేనొస్తాను" అన్నాడు. "గాని ఇప్పడం నా వల్ల కాదక్కా. నువ్వే ఇప్పాల. నేను పక్కన కూకుని సెప్తాను."

"నా వల్ల కాదురా!"

"నా సెయ్యి స్క్రూడ్రైవరు పట్టదు గదే."

ఫోను పెట్టేసి ఆమె ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవరు వెతికి బయట పెట్టింది.

మర్నాడు పిల్లలు స్కూలుకు వెళ్లాక ఆస్టిన్ వచ్చాడు. గుమ్మంలోనే ఆగి అక్క చీర చూశాడు. "ఆ పాలిస్టరు చీర వొద్దు. దాంట్లో పుట్టే కరెంటుకు లోపలి చిప్పులు పోతాయి. నూలు చీర కట్టుకో. గాజులు, గొలుసు తీసీ."

ఆమె వెళ్లి నూలు చీర కట్టుకుని, గాజులు తీసి బల్ల మీద పెట్టి వచ్చింది. ఆస్టిన్ గదిలోకి మాత్రం రాలేదు. గుమ్మం అవతలే నిలబడి, ముడుచుకున్న చెయ్యి రెండో చేత్తో పట్టుకుని లోపలికి చూస్తున్నాడు. మొహం పాలిపోయింది. అతనికీ భయమేనని రెజీనాకు అప్పుడు అర్థమైంది. దాంతో ఆమె భయం ఇంకా పెరిగింది.

"స్విచ్చి ఆపేవా?"

"ఆపేను."

"స్విచ్చిని నమ్మకు. ప్లగ్గు లాగీ. యూపీఎస్ ప్లగ్గు కూడా లాగీ. దాని బ్యాటరీలో కరెంటుంటాది. ఇప్పుడు సీపీయూ ఎనకున్న నల్ల వైరు లాగీ. లాగి దాని కొస నా కళ్లెదురుగా పెట్టు."

ఆమె ఒక్కొక్కటే లాగింది. నల్ల వైరు కొస గట్టిగా పట్టేసి ఉంది. అటూ ఇటూ కదిపి లాగితే ఊడి వచ్చింది. వైరు తెచ్చి తమ్ముడి కాళ్ల దగ్గర పెట్టింది. అతను దాన్ని కాలితో దూరంగా నెట్టాడు.

"ఇప్పుడు ఆన్ బటను నొక్కి పట్టుకో."

"ఆన్ బటనా? ఎందుకురా?"

"కరెంటు లేదు గదా, వెలగదు. లోపల మిగిలిపోయిన కాస్తా దిగిపోద్ది. నొక్కు."

ఆమె కళ్లు మూసుకుని నొక్కింది. ఏమీ జరగలేదు. కళ్లు తెరిచి బటను వదిలింది.

గదిలో వెలుతురు చాలదని ఇద్దరూ కలిసి సీపీయూను వరండాలో చెక్క బెంచీ మీదికి తెచ్చి, మూత పైకి వచ్చేలా పడుకోబెట్టారు. పక్క తోటలో రైతు పరదేశి, అతని మనుషులు చెరకు నరుకుతున్నారు. కత్తుల చప్పుడు వినిపిస్తోంది. ఆస్టిన్ ఇప్పుడు ఆమె పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"కిటికీ ఊస ఒకసారి ముట్టుకో, ఒంట్లో పుట్టిన కరెంటు దిగిపోద్ది. ఆ, అంతే. ఇప్పుడు ఎనకాల అంచున రెండు స్క్రూలున్నాయి సూడు. వాటినే ఇప్పు. ఇంకేవీ ముట్టుకోకు. నాలుగు స్క్రూలతో బిగించిన ఇనప డబ్బా ఒకటుంది సూసేవా? అదే ఎస్‌ఎంపీఎస్. దాన్ని ఎప్పటికీ ఇప్పకూడదు. వైరు లాగీసినా సరే, దాని కడుపులో కరెంటు దాక్కునుంటాది."

ఆమె స్క్రూడ్రైవరు పెట్టింది. మొదటి స్క్రూ గాడిలో రెండుసార్లు జారింది. మూడోసారి కుదురుకుంది. విప్పిన స్క్రూలు గిన్నె మూతలో వేసింది. మూత వెనక్కి జరపాలి. అది కదల్లేదు. గట్టిగా లాగితే ఒక్కసారి జారి, పలచటి రేకు అంచు ఆమె బొటనవేలిని కోసింది. షాకు కొట్టిందనుకుని కేక పెట్టి ఎగిరి గెంతింది. జ్ఞానకుమారి వంటింట్లోంచి "యేసయ్యా!" అంటూ పరిగెత్తుకొచ్చింది.

"రేకు కోసిందమ్మా, అంతే" అన్నాడు ఆస్టిన్. "కూకో అక్కా. నీళ్లు తాగు. సెయ్యి తుడుచుకుని రా."

వేలికి గుడ్డ పీలిక చుట్టుకుని వచ్చి ఆమె మూత ఎత్తి గోడకు ఆనించింది. జీవితంలో మొదటిసారి తన కంప్యూటరు లోపల చూసింది. కింది భాగమంతా పీచు, దూది, కొరికిన కాగితం ముక్కలు. ఎలుక గూడు. రెండు వైర్ల తొడుగులు కొరికేసి లోపలి రాగి మెరుస్తోంది. దూది కొంత ఎగిరి ఎస్‌ఎంపీఎస్ ఫ్యానులో ఇరుక్కుంది. ఫ్యాను తిరక్క డబ్బా వేడెక్కి వాసన వచ్చింది.

ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. "ఎలకేనా!" అని రెజీనా నవ్వింది కూడా. భయపడ్డదానికి ఇంత చిన్న కారణమా అనిపించిందామెకు.

"బ్రష్షుతో తియ్యి" అన్నాడు ఆస్టిన్. బ్రష్షుకు పీచు రాలేదు. వైరు లాగేశాం, ఇంక భయమేముందనుకుని ఆమె రెండు చేతులూ లోపల పెట్టింది. పీచుతో పాటు తెల్లటి పలచటి కాగితం లాంటిది వేళ్లకు తగిలింది. పాత సెల్లో టేపు అనుకుని లాగింది. అది వస్తూనే ఉంది. గలగలమని సన్నటి చప్పుడు చేస్తూ, వైర్ల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ మూరెడు పైగా బయటికి వచ్చింది. దాని మీద వరసగా పొలుసుల అచ్చులు.

కుబుసం.

ఆమె కుబుసాన్ని వదిలేసింది. ఎడమ చెయ్యి ఇంకా లోపలే, హార్డ్‌డిస్కు పక్కన వైర్ల కట్ట మీద ఉంది. ఆస్టిన్ ఫోను టార్చి వేసి లోపలికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"అక్కా" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "సెయ్యి తియ్యకు. కదపకు."

"ఏటిరా?"

"కదపకు."

ఆమె కళ్లు మాత్రం తిప్పి చూసింది. హార్డ్‌డిస్కు బిగించిన ఇనప పెట్టెకూ ముందుండే ప్లాస్టిక్ ముఖానికీ మధ్య సందులో ఏదో నల్లగా మెరుస్తోంది. వైరు అనుకోవడానికి వీల్లేదు. దాని మీద తెల్లటి సన్నటి కట్లున్నాయి. చుట్ట చుట్టుకుని, తల ఎక్కడుందో తెలియకుండా పడుకుని ఉంది. ఆమె చూపుడు వేలికీ దానికీ మధ్య పెన్సిలు పట్టేంత ఎడం కూడా లేదు.

కట్లపాము. కరిస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదంటారు. నిద్రలో కరిస్తే నిద్రలోనే పోతారంటారు. ఆమెకు అవన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

వేళ్లు వణకకూడదని ఎంత అనుకుంటే అంత వణుకు పుడుతోంది. అప్పుడు ఆస్టిన్ తన ముడుచుకున్న చెయ్యి ఆమె మోచేతి కింద పెట్టాడు. మోచెయ్యి ఆ మద్దతు మీద ఆనింది. వణుకు కొంచెం తగ్గింది.

"పగటి పూట అది మొద్దుగా ఉంటాది. వైరు కదిలితేనే లేస్తాది. నేను నీ సెయ్యి ఎత్తుతాను. నువ్వు ఏళ్లు మటుకు వొదులు."

ఆమె వేళ్లు వదిలింది. అతను మోచేతిని వెంట్రుకవాసి చొప్పున పైకెత్తాడు. వైర్ల కట్ట ఒకటి ఆమె మధ్యవేలికి చిక్కుకుని తానూ లేచింది. పాము చుట్టలో ఒక వరస జరిగింది. ఇద్దరూ ఆగిపోయారు. ఊపిరి కూడా తీయలేదు. ఆ జరిగిన వరస మళ్లీ కదలలేదు. వైరు దానంతట అదే జారి కింద పడింది. చెయ్యి బయటకు వచ్చింది.

అక్కాతమ్ముళ్లు వెనక్కి నడిచి గోడకు ఆనుకున్నారు. రెజీనా ఆ చేతిని తన చెయ్యి కానట్టు చూసుకుంటోంది. అటు తిప్పి, ఇటు తిప్పి, ఎక్కడైనా గాటు ఉందేమోనని వెతుక్కుంది. గుడ్డ పీలిక కట్టిన వేలి నెత్తురు చూసి ఒక్క క్షణం పాము కాటే అనుకుంది. అది రేకు గీత అని గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత వచ్చింది అసలు భయం. చిన్నకూతురు సన్నీ చలికాలం పొద్దున్నే టేబులు కింద దూరి, సీపీయూకు వీపు ఆనించి కూర్చుంటుంది. వెచ్చగా ఉంటుందని. రెజీనా ఎన్నిసార్లు కోప్పడింది కరెంటు కొడుతుందని! కరెంటు గురించే చెప్పింది. ఆ వెచ్చదనానికే ఇంకొకటి కూడా వచ్చి చేరుతుందని ఆమెకు తోచలేదు.

"నా పిల్లలురా" అంది. ఆ మాటతో ఏడుపు వచ్చింది.

చప్పుడు విని తోటలోంచి పరదేశి కత్తి పట్టుకుని వచ్చాడు. సంగతి విని కర్ర కోసం చూస్తూ రెజీనాతో అన్నాడు. "అప్పా, నువ్వు తప్పుకో. ఆ పెట్టితో పాటు నాలుగు ఏసెత్తాను. పామూ నేదు, గీమూ నేదు."

"వొద్దు పరదేశీ!" రెజీనా అడ్డం వచ్చింది. "కొడితే అది చావకుండా ఇంట్లోకి దూరిపోతే? లోపల స్కూళ్ల పేపర్లున్నాయి. అదీ పోద్ది, ఇదీ పోద్ది."

"మరి ఏటి సేత్తావు?"

పరదేశికి ఒక మనిషి తెలుసు. కె.కోటపాడు దగ్గర బంగార్రాజని ఆటో నడుపుతాడు, పిలిస్తే వచ్చి పాములు పట్టుకుని కొండ వైపు వదిలేసి వస్తాడు. ఫోను చేస్తే వస్తున్నానన్నాడు. "ఆ పెట్టికి బొక్కలుంటే మూసీండి. మూత నెమ్మదిగా దించీండి. దూరంగుండి కాపలా కాయండి" అని చెప్పాడు.

బొక్కలు వెనక్కాలే కనిపించాయి. గౌరీశంకర్ పాత కార్డులు తీసిన చోట రెండు పొడుగాటి సందులు పళ్లూడిన నోరులా తెరుచుకుని ఉన్నాయి. వాటిని మూసే రేకు ముక్కలు ఎవరూ పెట్టలేదు. చెరకు నరుకుతుంటే ఎలకలు ఇళ్లలోకి వచ్చాయి, వాటి వెనక ఇదీ వచ్చింది, వెచ్చటి పెట్టె దొరికింది.

దగ్గరికి ఎవరు వెళ్లాలి? పరదేశి కర్రతో అయితే సిద్ధమే గాని చేతితో ఆ పెట్టె ముట్టుకోనన్నాడు. ఆస్టిన్ వేళ్లకు పట్టు లేదు. జ్ఞానకుమారి దుప్పటి మడత తెచ్చి గుమ్మంలో నిలబడింది గాని అడుగు ముందుకు పడలేదు. రెజీనాయే దుప్పటి తీసుకుంది. పిల్లి నడిచినట్టు వెళ్లి వెనక సందులకు దుప్పటి అదిమింది. గోడకు ఆనించిన పక్క మూతను ఎత్తి, అంచు తగిలితే చప్పుడవుతుందని పళ్లు బిగించి, సీపీయూ మీద నెమ్మదిగా దించింది. దించి వెనక్కి వచ్చి మెట్టు మీద కూలబడింది.

బంగార్రాజు వచ్చేదాకా నలుగురూ ఆ బెంచీనే చూస్తూ కూర్చున్నారు. జ్ఞానకుమారి లోలోపల ప్రార్థన చేస్తోంది. లోపల నుంచి ఒకసారి సన్నగా గీకిన చప్పుడు వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే ఎక్కువ భయపెట్టింది.

బంగార్రాజు ఆటో ఆపి ఇనప కొక్కెం, వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని వచ్చాడు. సన్నటి మనిషి. పాము పేరు విని కంగారు పడలేదు. మూత ఎత్తించి, టార్చి వేసి చూశాడు. చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"పాము సంగతి నాకొగ్గీండి. గాని ఈ పెట్టికి కరెంటు కొట్టదు గదా?"

రెజీనా ఆశ్చర్యపోయింది. "కొట్టదు బాబూ. వైరు లాగీసేం. అదిగో అక్కడ పడుంది."

"నిజంగా లాగీసేరా? నాకు కరెంటంటే మా సెడ్డ బయ్యమమ్మా."

ఆమె నవ్వలేదు. ఆ భయం ఆమెకు కొత్త కాదు. లేచి వెళ్లి బెంచీ పక్కన నిలబడి, సీపీయూ ఇనప ఒంటి మీద తన అరచెయ్యి ఆనించింది. "సూడు. ఏటీ లేదు. అంతా తీసీసేం."

బంగార్రాజు దగ్గరికి వచ్చాడు. పాము ఉన్న సందులోకి కొక్కెం పోవడం లేదు. పైనుంచి లాగితే అది వైర్లలోకి దూరుతుందన్నాడు. "ఈ ముందు మొగం ఊడొస్తాదా? ఊడొస్తే దానికి అటేపు తోవ దొరుకుద్ది. నేను పట్టెత్తాను."

అందరూ ఆస్టిన్ వైపు చూశారు. ప్లాస్టిక్ ముఖం ఊడి వస్తుంది, కింద అంచున వేళ్లు దూర్చి లాగాలి. లాగే చేతులకు అవతల వైపే పాము.

"నేను లాగుతాను" అన్నాడు ఆస్టిన్. లేచి ఆ అంచున వేళ్లు దూర్చాడు. ఎడమ చెయ్యి నిలిచింది, కుడిచెయ్యి జారిపోయింది. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ జారింది. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"లెగరా" అంది రెజీనా. "ఎక్కడ పట్టుకోవాలో సెప్పు."

అతను చూపించాడు. ఆమె రెండు చేతులూ అక్కడ పెట్టింది. బంగార్రాజు కొక్కెం సిద్ధంగా పట్టుకుని పక్కన ఒంగాడు. "లాగీసేక ఎనక్కి గెంతీ. ఆ మొగం పారేసి గెంతీ."

రెజీనా లాగింది. ఒక గుబ్బ ఊడింది. ఇంకోటి ఊడింది. లోపల ఏదో బరువు ఇటు నుంచి అటు పాకడం ప్లాస్టిక్ మీదుగా ఆమె వేళ్లకు తెలుస్తోంది. ఆ స్పర్శ ఆమె ఎప్పటికీ మరిచిపోలేదు. మూడో గుబ్బ ఊడనంటోంది. జ్ఞానకుమారి పైకే ప్రార్థిస్తోంది. రెజీనా "దేవుడా" అని ఒక్క గుంజు గుంజింది. ముఖం ఊడి చేతిలోకి వచ్చింది. దాంతో పాటే నల్లటి తాడు లాంటిది బెంచీ మీద పడి, అంచు దాటి కిందికి జారింది, ఆమె పాదాల వైపు.

ఆమె గెంతలేదు. కాళ్లు రాలేదు. బంగార్రాజు కొక్కెం ఆమె పాదానికీ పాముకూ మధ్య నేల మీద ఠంగుమని పడింది. తోక పట్టి ఎత్తాడు, డబ్బాలోకి దించాడు, మూత బిగించాడు. అంతా ఆమె రెప్ప వేసేలోగా జరిగిపోయింది. డబ్బా గోడలోంచి పాము నెమ్మదిగా చుట్ట చుట్టుకోవడం కనిపిస్తే అప్పుడు ఆమె కేక పెట్టింది. ఆ కేక ఆపడానికి తల్లికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం పిల్లలు వచ్చేలోగా ఇల్లంతా తిరగేశారు. మంచాల కింద, బియ్యం డ్రమ్ము వెనక, చెప్పుల మూల, అన్నీ. ఇంకేమీ దొరకలేదు. సన్నీ బస్సు దిగి వస్తుంటే రెజీనా గేటు దగ్గరే ఎత్తుకుంది. అంత పెద్ద పిల్లను ఎత్తుకుంటే పిల్లే సిగ్గుపడింది.

రెండు రోజుల తర్వాత ఆస్టిన్ కొత్త ఎస్‌ఎంపీఎస్, కొత్త వైర్లు, వెనక సందులకు రేకు ముక్కలు తెచ్చాడు. ఇప్పుడు కూడా చేతులు రెజీనావే. పాత డబ్బాను విప్పకుండా అలాగే తీసి, కొత్తదాన్ని నాలుగు స్క్రూలతో బిగించింది. ప్రతి వైరు దగ్గర ఆగి తమ్ముడి మొహం చూసేది. అతను తల ఊపితేనే గుచ్చేది. అంతా అయ్యాక ప్లగ్గు పెట్టాలి. పెద్దమ్మాయిని పిలవబోయి మానేసింది. చెప్పులేసుకుని, చెయ్యి తుడుచుకుని, తనే పెట్టింది. బటను నొక్కాక మానిటరు మీద వెలుగు రావడానికి పట్టిన ఆ కాసేపూ ఆస్టిన్ గుమ్మం చెక్క పట్టుకుని కళ్లు మూసుకునే ఉన్నాడు. వెలుగు వచ్చిందని అక్క చెప్తే తెరిచాడు. ప్రశ్నపత్రాలు అన్నీ భద్రంగా ఉన్నాయి. పరీక్షలు ఆగలేదు.

సత్యరాజు తిరిగొచ్చి సంగతి విని, ఆ కంప్యూటరు అమ్మేద్దామన్నాడు. రెజీనా ఒప్పుకోలేదు. టేబులు కింద నుంచి దాన్ని తీసి, ఎత్తు పీట మీద, నలువైపులా కనిపించేలా పెట్టించింది. చాలా రోజులు కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకునే టైపు చేసింది. ప్రింటరులో కాగితం గలగలమంటే కుబుసం గుర్తొచ్చి వేళ్లు ఆగిపోయేవి. నెలకోసారి మూత తీసి చూడడం మొదలుపెట్టింది. తీసిన ప్రతిసారీ గుండె దడ. అయినా తియ్యకుండా ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.

ఈ సంగతి స్కూళ్లలో తెలిసి రోలుగుంట నుంచి దేవిశ్రీ అనే టీచరు ఫోన్ చేసింది. వాళ్ల ఆఫీసు కంప్యూటరులోంచి ఏదో చప్పుడు వస్తోందట, దాని దగ్గరికి వెళ్లడానికి ఎవరికీ ధైర్యం లేదట. రెజీనా నేను మెకానిక్కుని కాదండీ అని చెప్పింది. టీచరు బతిమాలింది. ఆస్టిన్ వస్తానంటే వెళ్లింది.

స్కూలు ఆఫీసులో రెజీనా అందరినీ బయటికి పంపింది. ప్లగ్గులు తనే లాగి, వైరు కొస తమ్ముడికి చూపించింది. పొడుగాటి కర్రతో సీపీయూను తట్టి, కాసేపు చెవి ఒగ్గి వింది. అప్పుడు స్క్రూడ్రైవరు తీసింది. కిటికీ అవతల నుంచి చూస్తున్న దేవిశ్రీ ఉండబట్టలేక అడిగింది.

"మేడమ్, మీ సేతులు వణుకుతున్నాయి. ఇంకెవరినైనా పిలుద్దామా?"

"వణుకుతాయండి" అంది రెజీనా. "ఒక్క నిమిషం ఆగితే తగ్గుతాది."

ఆగింది. పూర్తిగా తగ్గలేదు. స్క్రూ గాడి కనిపించేంత తగ్గాక, ఆస్టిన్ టార్చి వేసి పట్టుకుంటే, మొదటి స్క్రూ మీద స్క్రూడ్రైవరు ఆనించింది.